‘కాంట్రా’ ఆట గృహరూపములు: ఒక అనువాదవిమర్శ

గడచిన విద్యాసంవత్సరమున తొమ్మిదవ తరగతికి తెలుగు పాఠము చెప్పుచు, నన్నయభట్టారకుడు వ్యాసభారతమును తెనిగించిన విధమును వివరించుచుండగా ఒక విద్యార్థి లేచి, “అట్లయితే అది కాపీనే కదా సార్” అనెను. తరగతి యంతయు నవ్వినది. నేనును నవ్వి యేదో సమాధానము చెప్పితిని గాని అది నాకే తృప్తి నీయలేదు. ఆ వారముననే ఆ బాలుడు కాడుగోడి మెట్రో స్టేషను మెట్లవద్ద నాకు కనబడి, తన యన్న యంత్రముపై ‘కాంట్రా’ యను వీడియో గేము నాడుచున్నానని చెప్పెను. ఆ యాటను నేను నా చిన్ననాట హిందూపురమున ఎంతయో ఆడితినని విని ముందు నమ్మలేదు. పిదప కొంచెము జాలితో, “మీరు ఆడిండేది డూప్లికేట్ సార్. ఒరిజినల్ వేరే ఉంది” అని తీర్పు చెప్పెను.

ఒక్క వారములో రెండుమాఱులు ఒకే యభియోగము వచ్చినది. రెండింటికిని సమాధానము ఒకచోటనే యుండవలె నని నాకు తోచినది. కన్నడసీమలో అల్పసంఖ్యాక భాషగా తెలుగును చదువు బాలునకు ‘మూలము’, ‘నకలు’ అను మాటలు వట్టి పుస్తకపు మాటలు కావు. వాని యింటి తెలుగు నకలనియు, ఆంధ్రదేశపు తెలుగు మూలమనియు చుట్టములు పండుగ పండుగకు వానికి చెప్పుచునే యుందురు. కావున ఆ బాలుని తీర్పును నవ్వి వదలక, వేసవి సెలవులలో ఆ యాట రూపముల నన్నింటిని కుదిరినంతవఱకు పరిశీలించితిని. నేను యంత్రశాస్త్రము నెఱిగినవాడను గాను. అనువాదగ్రంథములను మూలముతో సరిపోల్చి చదువుట మాత్రము నా వృత్తి. ఈ వ్యాసమున ఆ యలవాటునే యొక యాటకు అన్వయించుచున్నాను.

ముందు మూలమును గూర్చి. జపానుదేశపు కొనామీ సంస్థ ‘కాంట్రా’ను 1987వ సంవత్సరమున నాణెములు వేసి యాడు శాలాయంత్రముగా వెలువరించినది. బిల్, లాన్స్ అను నిరువురు సైనికులు శత్రుద్వీపమున దిగి, అడవి, కోట, జలపాతము, మరల నొక కోట దాటి, మంచు మైదానము మొదలుగాగల తుది ప్రదేశమును చొచ్చి, అన్యలోకపు భూతమును సంహరింతురు. జపాను కథలో కాలము 2633, స్థలము న్యూజీలాండు సమీపమున గలూగా యను ద్వీపసమూహము. అమెరికాలో ఇంటి కేసెట్టుతో నిచ్చిన చిన్నపుస్తకమున ఆ కథను సమకాలమునకును, దక్షిణ అమెరికాకును మార్చివేసిరి. దేశకాలములను మార్చుకొనుట మన కథకుల సొత్తే యనుకొంటిమి గాని, వారును వెనుదీయలేదు.

ఆ శాలాయంత్రపు తెర నిలువుగా నుండును. వెడల్పు తక్కువ, ఎత్తు ఎక్కువ. ధ్వనికి వేరుగా నొక ప్రాసెసరును, యమహా వారి ధ్వనిచిప్పును గలవు. సైనికునకు ఒక్క గుండు తగిలిన చాలును, ప్రాణము పోవును. అది యా శాలకు తగిన నియమము. ఆడువాడు నిలుచుండి యాడును. వాని వెనుక మఱొకడు నాణెము చేతబట్టుకొని వేచియుండును. శాల యజమాని బ్రతుకు, ఆడువాడు త్వరగా చచ్చుటపై నాధారపడియున్నది.

హిందూపురమున మే మెవ్వరము ఆ యంత్రమును చూచి యెఱుగము. జపానులో 1983 జూలైలో వెలువడిన ఫామికాం యను గృహయంత్రమునకు అనుమతి లేని నకళ్ళు 1990ల్లో మన పట్టణముల అంగళ్ళలో విరివిగా దొరకెను. వానిని టీవీకి తగిలించి, రంగురంగుల ప్లాస్టిక్కు కేసెట్టులు గ్రుచ్చి యాడువారము. మా వీధిలో నొక యింట గంటకు రెండు రూపాయలు పుచ్చుకొని ఆడనిచ్చెడివారు. ఆ విధముగా మా తరము కాంట్రాను ఎఱిగినది. మూలము నెఱుగక అనువాదమునే మూలముగా నెంచి కంఠస్థము చేసిన పాఠకలోకము మాది. సంస్కృతము రాని తెలుగు పల్లెలలో భారతము పురాణముగా చెప్పుకొన్నవారి స్థితియు ఇంతకంటె భిన్నము కాదు.

ఇక పోలికకు వత్తును. 2019లో కొనామీ సంస్థయే శాలారూపమును, అమెరికా గృహరూపమును, జపాను గృహరూపమును ఒకే సంకలనమున చేర్చి ప్రకటించినది. నా విద్యార్థి యన్న యొద్ద నున్న దదియే. మూడింటిని ఒకే యంత్రముపై ఒకదాని వెంట నొకటిగా నాడు భాగ్యము మాకు పూర్వము లేకుండెను. తక్కిన యంత్రముల రూపములను ఆడిన వారి చలనచిత్రములలో చూచితిని.

ఫామికాం యంత్రము శాలాయంత్రముతో తులతూగునది కాదు. దాని పని జ్ఞాపకశక్తి రెండు కిలోబైట్లు. తెరపై ఒకేమాఱు 64 కదలుబొమ్మలు మాత్రమే నిలువగలవు. అందును ఒక్క అడ్డుగీతపై ఎనిమిదికి మించరాదు, మించినచో కొన్ని మాయమగును. ఒక్కొక్క బొమ్మకు మూడు రంగులే. అమెరికాలో వెలువడిన కేసెట్టునందు ఆట మొత్తము 128 కిలోబైట్లలో నిమిడియున్నది. ఇట్టి పేద యంత్రమునకు ఆ యాటను తెచ్చినవారు, చిత్రమునకు చిత్రము దింపవలె నని పట్టుబట్టినచో, నీరసమైన నకలొకటి వెలువడియుండెడిది. వారట్లు చేయలేదు. 1988 ఫిబ్రవరిలో వెలువడిన ఆ రూపమును ఇప్పుడు మూలముతో సరిచూచినచో, వారు విడిచిన వానికంటె కల్పించినవే యెక్కువ విలువ గలవిగా నాకు తోచినవి.

మొదటిది తెర. శాలాయంత్రమున అడవిలో కుడివైపునకు పరుగెత్తు సైనికునకు ఎదుట కనబడు నేల కొంచెమే. నిలువు తెరలో ఎత్తంతయు ఆకసమునకు, చెట్లకొనలకు పోవును. శత్రువు ఎదుటికి వచ్చినపిమ్మటగాని కనబడడు. ఇంటి టీవీ అడ్డముగా వెడల్పైనది. అనువాదకులు అడవిని ఆ వెడల్పునకు తగినట్లు మరల పఱచిరి. వంతెన కూలుచోట, కొండయంచుపై తుపాకివాడు దాగినచోట, ఆడువానికి ఆలోచించుటకు ఒక్క క్షణము దొరకును. చచ్చినను “తప్పు నాదే” అని యొప్పుకొనవచ్చును. శాలాయంత్రముపై నేను మొదటిమాఱు ఆడినప్పుడు అట్టి న్యాయము నాకు కనబడలేదు. టీవీ యాకారము వారికి ముందు అడ్డంకిగానే తోచియుండును. ఆ యడ్డంకినే వారు గుణముగా మలచుకొనిరి.

రెండవది విభాగము. నా మట్టుకు ఇదియే ముఖ్యము. మూలమున నాలుగు ఘట్టముల పిదప వచ్చు తుదిభాగ మంతయు, మంచు మైదానము మొదలు భూతగర్భము వఱకు, ఒక్కటే పొడవైన యేకధార. నాణెములు వేసి ఇంతదూరము వచ్చినవాడు మరల వేయుచునే యుండునని యజమాని యాశ. గృహరూపమున ఆ భాగమును నాలుగుగా విడదీసి, ప్రతి ఖండము కడపట నొక ప్రతినాయకుని నిలిపి, మొత్తము ఆటను ఎనిమిది ఘట్టములు చేసిరి. ఘట్టము ముగియగానే చిన్న విజయగీతము వినబడును. ఇద్దఱు పిల్లలు ఊపిరి పీల్చుకొని, చేతుల చెమట నిక్కరుకు తుడుచుకొని, నీళ్ళు త్రాగుదురు. మన కావ్యములలో ‘ఆశ్వాసము’ అను మాటకు వ్యుత్పత్త్యర్థము ఇదియే గదా! మహాభారతపు పర్వములను మనవారు ఆశ్వాసములుగా విడదీసిన పని ఎట్టిదో, నాకు ఈ ఆటవలన మొదటిమాఱు చేతివ్రేళ్ళకు తెలిసినది.

మూడవది ప్రాణసంఖ్య. గృహరూపమున మొదట మూడు ప్రాణములే. కాని ప్రారంభపు తెరపై పైకి రెండుమాఱులు, క్రిందికి రెండుమాఱులు, ఎడమ కుడి, ఎడమ కుడి, పిదప బి, ఏ అను బొత్తాములు వరుసగా నొక్కి ప్రారంభించినచో ముప్పది ప్రాణములు వచ్చును. ఈ మంత్రము కాంట్రాతో పుట్టినది కాదు. 1986లో ‘గ్రాడియస్’ అను ఆటను ఫామికాంకు తెచ్చుచు, దానిని పరీక్షించుట తనకే కష్టమై, కజుహిసా హషిమోటో అనునాయన చేర్చుకొనిన యుపాయము. ఆయన 2020 ఫిబ్రవరిలో కాలధర్మము నొందెను. మా వీధిలో ‘యమాతారాజభానసలగం’ అప్పగింపలేక తన్నులు తిన్నవారు సైతము ఈ మంత్రమును తప్పులేక చదివెడివారు. నేనును ఆ వర్గములోని వాడనే. దీనిని కొందఱు మోసమందురు. ప్రాణములు నాణెములకు అమ్ముడుపోవుచోట ఇట్టి మంత్రమునకు తావు లేదు. ఇంట అమ్ముటకు ఎవ్వరును లేరు. కావున ప్రాణము ఉదారముగా దొరకుట ఇంటి ధర్మమునకు తగినది. మంత్రము చేర్చినవారు నియమమును చెఱుపలేదు, ఆట మాఱిన చోటును గుర్తించిరి.

తుపాకుల మాటయు చెప్పవలెను. శాలాయంత్రమున అవి యాయుధముల చిన్న బొమ్మలుగా కనబడును. ఇంటి తెరపై అంత చిన్న బొమ్మ తెలియదు. అందుచే రెక్కలు గల ముద్రపై ఒక్కొక్క యింగ్లీషు అక్షరము నుంచిరి. ‘ఎస్’ దొరకినవాడు ఆనాటికి రాజు. తెలుగు మాధ్యమమున చదివిన మా మిత్రులు కొందఱు ఆ ఎస్, ఎమ్, ఎల్, ఎఫ్, ఆర్ అను అక్షరములను బడిలో నేర్చుకొనక మునుపే తెరపై నేర్చిరని నేను సాక్ష్యము చెప్పగలను.

ఇంతమాత్రమున గృహరూపము నిర్దోషమని నా మతము కాదు. జలపాతఘట్టము అందులో కుంటువడినది. పైకెక్కు ఘట్టమునకు నిలువు తెర సహజమైన పీఠము. అడ్డు తెరలో పైనున్న రాయి నెత్తిమీదికి వచ్చినగాని కనబడదు. అదిగాక తెర పైకి జరిగినకొలది దాని యడుగుననున్న వాడు చచ్చును. ఇద్దఱాడునప్పుడు ముందెక్కినవాడు వెనుకవానిని చంపినట్లే. మా యింట అన్నదమ్ముల మధ్య ఈ ఘట్టము వలన పుట్టిన కలహములు ఇచట వ్రాయదగినవి కావు. కోటల ఘట్టములలోను నష్టమున్నది. మూలమున అవి కాలనియమము గల చిక్కుదారులు. ఇంట అవి గదివెంట గదిగా తిన్నని నడవలైనవి. శత్రువులు మూగినపుడు బొమ్మలు రెపరెపలాడును. సంగీతమును బీదదే. అయినను అడవిఘట్టపు రాగము నా కిప్పుడు గృహరూపపు సన్నని ధ్వనిలోనే చెవిని మ్రోగును, యమహా నాదము పరాయిగా తోచును. ఇది విమర్శ కాదు, అలవాటు. పాఠకులు దానిని తీసివేసి లెక్కించుకొందురు గాక.

ఐరోపాలో ఓషన్ అను సంస్థ ఇదే యాటను ‘గ్రైజోర్’ అను పేరుతో స్పెక్ట్రం, ఆమ్‌స్ట్రాడ్, కామడోర్ అను గృహకంప్యూటరులకు తెచ్చినది. అక్కడి కేసెట్టు నిజముగా పాటలు వినెడి టేపు కేసెట్టే. మనము కేసెట్టని పిలిచినది చిప్పులు పొదిగిన పెట్టె. పే రొక్కటైనను వస్తువు వేఱు. స్పెక్ట్రమునందు ఎనిమిది చుక్కల గడికి రెండు రంగులకంటె పట్టవు. సైనికుడు అడవిముందు నడచునపుడు అడవి రంగు వానికంటుకొనునో, వాని రంగు అడవికంటుకొనునో యను భయముతోనే చిత్రమంతయు గీయవలెను. ఆమ్‌స్ట్రాడ్ రూపము రంగులలో సంపన్నమైనది, చూపునకు ముచ్చటైనది. కాని అందు అడవి జరుగదు. తెర కొన చేరగానే పుట త్రిప్పినట్లు మఱొక తెర వచ్చును. పరుగే ప్రాణమైన ఆటలో పరుగు తెగినది. మఱియొక చిక్కు చేతికఱ్ఱది. ఆ కంప్యూటరుల కఱ్ఱకు సామాన్యముగా బొత్తాము ఒక్కటే. కాల్చుట, దూకుట, పైకి గురిపెట్టుట అను మూడు పనులలో కాల్చుటకు బొత్తాము పోగా, దూకుటకు కఱ్ఱనో, కీబోర్డు మీటనో యాశ్రయింపవలెను. ఫామికాం చేతిపెట్టెకు రెండు బొత్తాములుండుట ఈ యాటకు ఎంత మేలైనదో వీనిని చూచిన గాని తెలియదు.

శ్రీనాథుని నైషధమును విని సంస్కృతపండితులు, నీ డుమువులు నీవు తీసికొని మా నైషధము మాకిమ్మని పరిహసించిరని ఒక కథ వాడుకలో నున్నది. అది శ్రీనాథుని యెడ అన్యాయము. కాని ఐరోపా రూపములలో కొన్నింటిని చూచునపుడు ఆ పరిహాసము గుర్తునకు వచ్చును. అవి మూలపు ఘట్టములను మూలపు క్రమముననే పట్టుకొని, తమ యంత్రపు విభక్తిప్రత్యయములను తగిలించుకొని నిలిచినవి. విధేయతకు లోటు లేదు. విధేయత యున్నచోట ఆట యున్నదా యనునదే నా సందేహము.

1989లో ఎమ్‌ఎస్‌ఎక్స్-2 యంత్రమునకు కొనామీయే వెలువరించిన రూపము విచిత్రమైనది. ఆ యంత్రము అడ్డముగా తెరను నునుపుగా జరుపలేదు. కావున ఇచటను పుటలు త్రిప్పుటయే. ఐతే చేసినవారు ఆ లోపమును దాచక, దాని చుట్టు ఆటనే మార్చిరి. ఒక్క గుండుకు చచ్చు నియమమును తొలగించి ప్రాణశక్తికి కొలబద్ద పెట్టిరి. తెర మాఱగానే ఎదుట శత్రువు నిలిచియుండు యంత్రములో ఒక్క గుండు నియమము క్రూరమని వారికి తెలిసినది. ఘట్టములను పందొమ్మిదికి పెంచిరి. ఇది కాంట్రాయేనా యని యడుగవచ్చును. నేనైతే దీనిని అనువాద మనక, అదే యితివృత్తముపై వేరొక కావ్యమందును. ఇష్టపడి మాత్రము చూడలేకపోతిని.

1990లో ఐరోపా ఫామికాం రూపమున మనుష్యసైనికులను తీసివేసి మరమనుష్యులను పెట్టి ‘ప్రోబోటెక్టర్’ అని పేరు మార్చిరి. హింసను చూపు ఆటలపై జర్మనీలోని నిబంధనలే కారణమందురు. ఆటలో తక్కిన దంతయు యథాతథము. దీనిని గూర్చి ఇంతకంటె చెప్పవలసినది లేదు.

యంత్రము పేదదైనపుడు అనువాదము చెడుట సహజమని యొక వాదము తఱచు వినబడును. అది సగమే నిజము. 1982లో అటారీ 2600 యంత్రమునకు వెలువడిన ‘పాక్‌మాన్’ను చూడుడు. ఆ యంత్రమున పని జ్ఞాపకశక్తి 128 బైట్లు మాత్రమే. కేసెట్టులో 4 కిలోబైట్లు. నాలుగు భూతములును ఎడతెగక మిణుకుమిణుకు మనును, చుక్కలు గీతలైనవి, చిక్కుదారి రూపే మాఱినది. అపకీర్తి అంతయు పేద యంత్రముపై త్రోసిరి. కాని అదే యంత్రమునకు పిదప వెలువడిన ‘మిస్ పాక్‌మాన్’ ఎంతయో మేలైనది. కేసెట్టులో స్థలము రెట్టింపైన మాట నిజమే. యంత్రము మాత్రము అదియే, 128 బైట్లును అవియే. ఏది విడువవచ్చునో, ఏది విడువరాదో ముందు తేల్చుకొనుటలో భేదమున్నది. వారమునకు కొద్ది గంటలే తెలుగునకు దొరకు పాఠశాలలో పనిచేయువాడను. పాఠము చెడినప్పుడు గంటలు తక్కువని చెప్పుకొనుట నాకును అలవాటే. అందుచే ఈ యుదాహరణము నాకు కొంత నొప్పి కలిగించినది.

శ్రీనాథుడు శృంగారనైషధపు చివర తన తెనుగుసేత రీతిని చెప్పుకొనెను. శబ్దమును అనుసరించుట మొదలుకొని, అభిప్రాయము, భావము, రసము అనువానిని పోషించుట, ఔచిత్యము పాటించుట, అనుచితమును విడుచుట వఱకు అందు గలవు. గమనింపదగిన దేమన, శబ్దానుసరణము అందు ఒక్క యంశము మాత్రమే. తిక్కనసోమయాజి భగవద్గీతను మిక్కిలి సంక్షేపించెను. యుద్ధకథ పరుగు ఆగరాదని కాబోలు. ఆ సంక్షేపమును దోషముగా నెంచువారున్నారు. నేను వారితో వాదింపను. కాని తిక్కనకు ఏది కావలెనో తెలియును. కాంట్రా గృహరూపము చేసినవారికిని తెలియును. వారు కోటల చిక్కుదారిని, నిలువు జలపాతమును పోగొట్టుకొని, ఇద్దఱు పిల్లలు ఒక్క చాపపై కూర్చుండి సాయంకాలమంతయు ఆడదగిన యాటను నిలుపుకొనిరి.

సెలవుల పిదప ఈ మాటలను నా విద్యార్థికి నాకు చేతనైనట్లు చెప్పితిని. వాడు వినెను గాని ఒప్పుకొనలేదు. మఱునాడు మరల వచ్చి, “సార్, మీ ఆటలో కొబ్బరాకులు ఆడతాయా?” అని యడిగెను. ఆడవంటిని. మా హిందూపురపు కేసెట్టులో మొదటి ఘట్టపు చెట్లు రాయివలె నిలిచియుండెడివి. వాడు నవ్వి, సంకలనములోని జపాను రూపమును తెఱచి చూపెను. అందు అడవిలో ఆకులు గాలికి ఊగుచున్నవి, మంచు మైదానమున మంచు కురియుచున్నది, ఘట్టమునకు ఘట్టమునకు నడుమ ద్వీపపు పటము కనబడుచున్నది. జపాను కేసెట్టులో వేసిన ప్రత్యేకపు చిప్పు వలన ఆకులకు ఆ చలనము అబ్బినది. అమెరికా కేసెట్టులో ఆ చిప్పు లేదు. అనగా నేను ముప్పది యేండ్లుగా వెనకేసికొని వచ్చిన ప్రతికిని పాఠాంతర మొకటి కలదన్నమాట. ఏ చేతిమీదుగా ఏ పాఠము హిందూపురము చేరినదో కనుగొనుట కిప్పుడు దారి లేదు.

“ఇంకొకసారి మొదటినుంచి పెట్టరా” అంటిని. వాడు పెట్టెను. ఇద్దఱమును ఆకులనే చూచుచు మొదటి వంతెనవద్దనే చచ్చితిమి.